పేరాలో లేని అక్క

క్లాసులో ఆవిడ అసలు పేరు ఎవరికీ గుర్తుండేది కాదు. పాత బ్యాచి పిల్లలు పెట్టిన పేరే నిలిచిపోయింది: కామా మేడమ్. ఇంగ్లీషు పేరా చదువుతూ ఎవరైనా ఊపిరి తీసుకోకుండా పరిగెత్తితే డస్టరుతో బల్ల మీద కొట్టి, "అక్కడ కామా ఉంది, ఆగు. రాసినవాడు దాన్ని ఊరికే పెట్టలేదు" అనేది. పిల్లలు నవ్వేవారు. ఆవిడా నవ్వేది.

అంతకుముందు ఒక చిన్న బడిలో చెప్పేది. పిల్లలు తగ్గిపోయి ఆ బడి మూతపడ్డాక, టైర్ల షాపు పై అంతస్తులో ఉన్న కోచింగ్ సెంటర్లో చేరింది. ఎండ ముదిరేకొద్దీ కింది రబ్బరు వాసన మెట్లెక్కి వచ్చి క్లాసులో కూర్చునేది. పొడుగాటి గది, చివరి బెంచీకి వినపడాలంటే మైకు పట్టుకోవాలి. దేశమంతా ఒకే రోజు, ఒకే గంటకి, ఒకే పేపరు రాసే అర్హత పరీక్ష కోసం అక్కడ పిల్లల్ని తయారుచేసేవారు. ఆ పరీక్షలో వచ్చిన మార్కుని బట్టే ఏ కాలేజీ దొరుకుతుందో తేలుతుంది. పేరా చదివి ప్రశ్నలకి జవాబులు గుర్తించే భాగం కామా మేడమ్‌ది.

సెంటర్ యజమానిని అందరూ డైరెక్టర్ గారు అనేవారు. గట్టిగా మాట్లాడడం ఎరగని మనిషి. ఆయన గొంతు ఎంత తగ్గితే అవతలివాళ్లకి అంత వణుకు. ప్రతి బ్యాచి అయిపోయాక క్లాసు ఎలా జరిగిందని పిల్లల్ని అడిగి, వాళ్లు చెప్పిన మాటల్ని టీ తాగుతూ స్టాఫ్ రూములో అందరి ముందూ వినిపించేవాడు. ఒక ఏడు కామా మేడమ్ వంతు వచ్చినప్పుడు ఆయన చిరునవ్వుతో అన్నాడు: "ఒక పిల్లాడు ఏమన్నాడో తెలుసా మేడమ్? పరీక్ష అంటే పరుగుపందెం, మేడమేమో నడక నేర్పిస్తున్నారు అన్నాడు." లెక్కల మాస్టారు పకపకా నవ్వాడు. ఆవిడ కూడా నవ్వింది. అలాంటి మాటలే రెండుసార్లు వచ్చిన ఫిజిక్స్ మాస్టారు ఒక సోమవారం పొద్దున్న కనబడలేదు. ఆయన కుర్చీ కూడా కనబడలేదు. ఏమయ్యాడని ఎవరూ అడగలేదు.

ఆ మరుసటి ఏడు ఆవిడ క్లాసులో సొంత మనిషి ఒకతె చేరింది. ఆడపడుచు కూతురు. బక్కగా ఉండి, నిద్రలో తప్ప నోరు మూయని పిల్ల కాబట్టి ఇంట్లో అంతా పిచ్చుక అని పిలిచేవారు. కాలేజీ సీటు మీద వాళ్లమ్మ ప్రాణాలన్నీ పెట్టుకుంది. "వదినా, దాన్ని నీ చేతిలో పెడుతున్నా. ఇక దానికి తల్లివైనా నువ్వే, టీచరువైనా నువ్వే" అంది.

పరీక్షకి కొద్దిరోజులుందనగా డైరెక్టర్ గారు స్వయంగా ఒక కట్ట తెచ్చి ఆవిడ బల్ల మీద పెట్టాడు.

"ఇవి కొత్త ప్రాక్టీసు పేపర్లు మేడమ్. బయట నిపుణుల చేత రాయించాం. ఇక మీ పాఠాలు ఆపేసి ఇవే చేయించండి. క్లాసు అవగానే ఒక్క కాగితం మిగలకుండా వెనక్కి తీసుకోండి. ఫోన్లు గుమ్మం దగ్గరే పెట్టించండి."

"అంత జాగ్రత్త దేనికండీ?"

"పక్క సెంటర్‌వాడు కాపీ కొట్టడూ? మన కష్టం వాడి నోట్లోకి పోతుంది."

ఆవిడకి అది సబబుగానే తోచింది. కోచింగ్ సెంటర్లు ఒకదాని మీద ఒకటి కత్తులు నూరుకోవడం కొత్తేమీ కాదు. పైగా పేరాలు చక్కగా ఉన్నాయి. తేనెటీగల గురించి ఒకటి, దీపస్తంభం కాపలాదారు గురించి ఒకటి, నది దాటించే పడవవాడి గురించి ఒకటి. చాలాకాలానికి మంచి వచనం చేతికొచ్చిందని ఆవిడ సంబరపడి, ప్రతి వాక్యం దగ్గరా ఆగి మరీ చెప్పింది.

పడవవాడి పేరా దగ్గర ఒక తమాషా జరిగింది. పడవవాడూ, వాడి తమ్ముడూ వరదలో నది దాటుతారు. పేరాలో ఉన్నది ఆ ఇద్దరే. కింద ప్రశ్న మాత్రం, 'అక్క చేతిలో ఏముంది?' అని. నాలుగు జవాబులిచ్చారు: లాంతరు, తాడు, బుట్ట, గొడుగు.

"ఏ అక్క మేడమ్?" అంది వెనక బెంచీలోంచి ఒక దర్జీ కూతురు. "అక్క పడవెక్కలేదుగా!"

"నీళ్లలో పడిపోయుంటుంది" అన్నారు ఎవరో. క్లాసంతా గొల్లుమంది.

కామా మేడమ్ పేరా అంతా మళ్లీ చదివింది. అక్క లేదు. "పేపరు తయారుచేసినవాళ్లు పేరా కుదించి ఉంటారు. అక్కని కొట్టేశారు, ప్రశ్న కొట్టేయడం మరిచిపోయారు" అని, ఎప్పుడూ చెప్పే మాటే చెప్పింది: "ఇలాంటిది రేపు పరీక్షలో వస్తే దాని దగ్గర కూర్చుని బుర్ర పాడుచేసుకోకండి. ఏదో ఒకటి, తాడే అనుకోండి, గుర్తుపెట్టి ముందుకి పొండి."

పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కొందరు నవ్వాపుకున్నారు. ఆవిడ అది అక్క గురించిన నవ్వే అనుకుంది.

పరీక్ష రోజు సాయంత్రం పిచ్చుక వాళ్లింటి నుంచి ఫోన్ చేసింది. "అత్తా, నీ క్లాసే! అచ్చం నీ క్లాసే!" అని అరిచింది. అంతలో వాళ్లమ్మ ఫోన్ లాక్కుని ఏడుపూ నవ్వూ కలిపి ఏదేదో అంది. ఆ రోజు కామా మేడమ్‌కి కాళ్లు నేల మీద ఆనలేదు. నడక నేర్పిస్తే ఏమైంది, పిల్లలు గట్టునపడ్డారు కదా అనుకుంది.

ఆ ఆదివారం మధ్యాహ్నం సెంటర్లో ఫీడ్‌బ్యాక్ సభ పెట్టారు. ఈసారి కెమెరావాణ్ణి కూడా పిలిపించారు, వచ్చే బ్యాచికి ప్రకటనగా వాడుకోవడానికి. గదిలో కర్టెన్లు దించి లైట్లు వేశారు. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి మైకు ముందు నిలబడి, క్లాసు తమని పరీక్షకి ఎలా తయారుచేసిందో చెప్పాలి. కామా మేడమ్ మొదటి వరసలో కూర్చుంది.

మొదట వచ్చిన అబ్బాయి సిగ్గుపడుతూ, "పేపరు చూడగానే భయం వెయ్యలేదండీ. తెలిసినవాళ్లింటికి వెళ్లినట్టుంది" అన్నాడు. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి.

రెండో అమ్మాయి, "తేనెటీగలు వచ్చాయి. మేడమ్ చెప్పినవే" అంది. ఆవిడ తలూపింది. తేనెటీగల మీద ఎవరైనా రాస్తారు.

మూడో అబ్బాయి, "దీపస్తంభం పేరా చదవనే లేదు మేడమ్. నోటికొచ్చేసింది కదా, జవాబులు పెట్టుకుంటూ పోయా" అన్నాడు. ఆవిడ తల ఊగడం ఆగిపోయింది. పక్కనున్న లెక్కల మాస్టారి వైపు చూసింది. ఆయన తన చెప్పుల వైపు చూసుకుంటున్నాడు.

ఆ తర్వాత దర్జీ కూతురు వచ్చింది. మైకు పట్టుకుని, రెండు క్షణాలు నవ్వాపుకుని, "అక్క వచ్చింది మేడమ్!" అంది.

గది దద్దరిల్లింది. పిల్లలు బెంచీలు చరిచారు.

"అదే పడవ, అదే తమ్ముడు, అక్క అక్కడ కూడా లేదు! మీరు చెప్పినట్టే తాడు అని పెట్టా!"

కామా మేడమ్ ఒక్కతే నవ్వలేదు. మంచి పేరా ఇద్దరికి తట్టవచ్చు. అదే తప్పు ఇద్దరికి తట్టదు. నలభై మంది పిల్లలు నవ్వుతున్నారు, కెమెరా ఎర్రలైటు వెలుగుతోంది, ఆవిడ చెవుల్లో మాత్రం నీళ్లు నిండినట్టు అంతా దూరంగా వినిపిస్తోంది.

డైరెక్టర్ గారు లేచి మెల్లిగా మైకు అందుకున్నాడు. ఆయన నవ్వు చెక్కుచెదరలేదు. "ఒక రహస్యం చెప్తాను. ఈ ప్రాక్టీసు పేపర్లన్నీ దగ్గరుండి తయారుచేసింది ఎవరో కాదు, మన మేడమే. గట్టిగా చప్పట్లు కొట్టండి."

కెమెరా ఆవిడ వైపు తిరిగింది. ఆవిడ సగం లేచింది. 'నేను కాదు' అనాలి. నోరు తెరిచింది కూడా. చప్పట్ల హోరులో చేతులు వాటంతటవే జోడించుకున్నాయి.

సభ అయ్యాక ఆయన గదికి వెళ్లింది.

"ఆ పేపర్లు నేను తయారుచెయ్యలేదు కదండీ. అలా ఎందుకన్నారు?"

"మీకు పేరు రావాలని, మేడమ్. నడక మేడమ్ అన్నారు కదా పాపం ఇన్నాళ్లూ."

"ఆ పేపర్లు ఎక్కణ్ణించి వచ్చాయి?"

ఆయన కిటికీ తలుపు దగ్గరగా వేశాడు. కింద టైరులోకి గాలి కొడుతున్న మోత తగ్గింది. "మీరు పాఠం చెప్పారు. పిల్లలు బాగా రాశారు. మధ్యలో ఈ ప్రశ్నలెందుకు? మీ మేనకోడలు కూడా బాగా రాసిందట. ఆ పిల్ల సీటు చల్లగా ఉండాలని నేను రోజూ అనుకుంటున్నా." ఆయన గొంతు ఎన్నడూ లేనంత మెత్తగా ఉంది.

ఆవిడ భర్తకి కళ్లజోళ్ల షాపు ఉంది. షాపు వెనకే ఇల్లు. ఆవిడ చెప్పిందంతా విని ఆయన చేతిలో ఉన్న ఫ్రేము కింద పెట్టాడు.

"నిప్పు పెట్టిందెవరని ఎవరూ అడగరు. చేతికి మసి ఎవరికుందో చూస్తారు. నీ చేతికే పూశాడు, అదీ కెమెరా పెట్టి" అన్నాడు.

అత్తగారు మంచం మీంచి, "ఏమ్మాయ్, ఇంత చదువుకున్నావు, వాడెవడో చప్పట్లు కొట్టించి మెడకి ఉరి తగిలిస్తుంటే దండం పెట్టావా?" అంది. ఆవిడ మాట ఎప్పుడూ చెంపదెబ్బే. కానీ ఆ తర్వాత లేచి వచ్చి కోడలి పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని వదల్లేదు.

మర్నాడు కామా మేడమ్ పిచ్చుకని పిలిపించింది. ఆ పిల్ల రాగానే గలగలా మొదలుపెట్టి, అత్త మొహం చూసి ఆగిపోయింది.

"నిజం చెప్పు. పరీక్ష హాల్లో పేపరు చూశాక నీకేమనిపించింది?"

"ఏమనిపిస్తుంది? హమ్మయ్య, వచ్చాయి అనిపించింది."

"వచ్చాయి అంటే? వస్తాయని ముందే తెలుసా?"

పిచ్చుక విచిత్రంగా చూసింది. "అందరికీ తెలుసు కదత్తా. కాగితాలు వెనక్కి తీసుకుంటున్నారు, ఫోన్లు బయట పెట్టిస్తున్నారు... ఆ మాత్రం అర్థం కాదా? నీకూ తెలుసనుకున్నాం."

"నాకా?"

"నువ్వే కదా అన్నావు, రేపు పరీక్షలో ఇలాంటిది వస్తే తాడు అని పెట్టమని. సైగ చేస్తున్నావనుకున్నాం. బయటికి వచ్చాక, మేడమ్ ఎంత తెలివిగా చెప్పిందిరా అని అందరూ ఒకటే మెచ్చుకోవడం."

ఇన్నేళ్లలో పిల్లలు తన గురించి చెప్పిన అన్ని మాటల్లోనూ ఆ మెచ్చుకోలే కామా మేడమ్‌ని నిలువునా కోసింది. నిదానం అన్నారు, నత్త అన్నారు, నచ్చకపోయినా భరించింది. దొంగ అనుకుని మెచ్చుకున్నారు. దానికి ఏం చెయ్యాలో తెలియలేదు.

"నేను వెళ్లి చెప్పేస్తాను" అంది.

"చెప్తే నా మార్కులు?"

పిచ్చుక మొహం చూస్తుండగానే పాలిపోయింది. "అమ్మ చచ్చిపోతుందత్తా" అంది. అరుస్తుందనుకుంటే గుసగుసగా అంది.

ఆ మధ్యాహ్నం సెంటర్ గుమస్తా షాపుకి వచ్చాడు. ఎన్నడూ ఇటు రాని మనిషి. కళ్లజోడు మార్చుకుంటానని కూర్చుని ఒక్క ఫ్రేమూ పెట్టుకుని చూడలేదు. వెళ్లేముందు, "సార్ మీ అందరినీ అడిగారండీ. ఇంటి ముందు వీధి ఎప్పుడూ ఇంత ఖాళీగానే ఉంటుందా?" అన్నాడు. ఆ మాటలో ఏముందని ఎవరైనా అడిగితే ఏమీ లేదు. భర్త మాత్రం అతను వెళ్లగానే షట్టరు సగం దించేశాడు.

రెండు రోజులు ఆవిడ అన్నం ముద్ద కలిపి అలాగే కూర్చుంది. నోరు మూసుకుంటే పిచ్చుకకి సీటు వస్తుంది, డైరెక్టరు వచ్చే ఏడు ఇంకో కట్ట తెస్తాడు, ఆవిడ చేతే పంచిస్తాడు. చెప్తే ఇంట్లో చుట్టరికం తెగుతుంది, తన ఉద్యోగం పోతుంది, నమ్ముతారో లేదో అదీ తెలియదు. మూడో రోజు పొద్దున్న చీర మార్చుకుని బయల్దేరింది. భర్త ఏమీ అడక్కుండా షాపుకి తాళం వేసి వెంట వచ్చాడు.

పరీక్షల బోర్డు ఆఫీసు పెద్ద కట్టడం. పొడుగు నడవాలు, అన్నీ మూసి ఉన్న తలుపులు. ఆవిడ పేరు చెప్పగానే గుమ్మం దగ్గర ఉన్న ఉద్యోగి తలెత్తి చూశాడు. ఎవర్ని కలవాలో ఆవిడ ఇంకా చెప్పనేలేదు, "లోపలికి రండి, మీకోసమే చూస్తున్నారు" అన్నాడు.

లోపల తల నెరిసిన ఆఫీసరమ్మ ఉంది. ఆవిడ ముందున్న కంప్యూటర్లో ఆ సభ వీడియో ఆగి ఉంది. కామా మేడమ్ చేతులు జోడించిన చోటే ఆగి ఉంది.

"మీ డైరెక్టర్ గారు నిన్ననే వచ్చి ఈ వీడియో ఇచ్చి వెళ్లారు" అంది ఆఫీసరమ్మ. "తన దగ్గర పనిచేసే టీచరు ఎక్కణ్ణించో పేపర్లు తెచ్చి పిల్లలకి చెప్పిందని, తనకి తెలియగానే పరుగెత్తుకొచ్చానని చెప్పారు. మీరేమంటారు?"

భర్త మొహంలో నెత్తురుచుక్క లేదు. కామా మేడమ్‌కి మాత్రం వింతగా భయం తగ్గింది. కట్ట ఎవరు తెచ్చారు, ఏమని చెప్పి ఇచ్చారు, అక్క ప్రశ్న, తను చెప్పిన మాట, పిల్లలు దాన్ని ఎలా అర్థం చేసుకున్నారు, ఒక్కటీ వదలకుండా, ఆగాల్సిన చోట ఆగుతూ చెప్పింది.

"మీరే తయారుచేశారని ఆయన అన్నప్పుడు కాదనలేదేం?"

"చప్పట్లు కొడుతున్నారండీ" అంది. తనకే ఆ జవాబు చిన్నపిల్లల జవాబులా అనిపించింది. "ఎవరూ ఎప్పుడూ కొట్టలేదు నాకు."

ఆఫీసరమ్మ కలం కింద పెట్టి ఆవిడ వైపు చూసింది. నమ్మిందో లేదో ఆ చూపులో తెలియలేదు. "మీరు వచ్చి మంచిపనే చేశారు. ఆలస్యంగా వచ్చారు" అంది.

ఆ సెంటర్ పిల్లలందరి పరీక్షా రద్దయింది. మళ్లీ రాయించారు. దర్జీ కూతురు రెండోసారీ బాగానే రాసింది. చాలామంది రాయలేకపోయారు. పిచ్చుకకి కావలసిన కాలేజీ రాలేదు, ఎక్కడో దొరికినదాంట్లో చేరింది. ఆడపడుచు ఆ ఇంటి గడప తొక్కడం మానేసింది. అత్తగారు కబురు పంపితే, "నా కూతురి పీక కోసిన చేత్తో పెట్టిన కాఫీ నేను తాగను" అందట. వీధిలో ఎదురైన పిల్లలు అవతలి వైపుకి దాటేవారు. ఒకసారి ఎవరో వెనకనుంచి, "అక్కా, చేతిలో ఏముంది?" అని అరిచారు. ఆవిడ వెనక్కి తిరగలేదు.

నెలల తరబడి ఆవిణ్ణి విచారణకి పిలుస్తూనే ఉన్నారు. సాక్షి అని ఒకరు, ముద్దాయి అని ఒకరు, ఇంకా తేలలేదని ఒకరు. చివరికి ఆ పరీక్ష పేపరు ముద్రించిన అచ్చాపీసులో పనిచేసే ఒకడు దొరికి, పేపర్లు డైరెక్టరు బావమరిదికి ఇచ్చానని ఒప్పుకున్నాడు. డైరెక్టరు కొన్నాళ్లు లోపలుండి బెయిలు మీద బయటికి వచ్చాడు. ఆవిడ మీద కేసు లేదన్నారు, కానీ నిర్దోషి అన్నమాట ఏ నోటా రాలేదు. ఏ బడీ ఉద్యోగం ఇవ్వలేదు. భర్త షాపులో కౌంటర్ దగ్గర కూర్చోవడం మొదలుపెట్టింది.

అప్పుడు మొదలయ్యారు రావడం. మొదట వచ్చినాయన మర్యాదస్తుడు, కొడుకుని వెంటబెట్టుకొచ్చాడు. "మావాడికి మీరు చెప్పాలి మేడమ్. మీ గురించి విన్నాం" అన్నాడు. తనని ఇంకా టీచరుగా తలుచుకునేవాళ్లున్నారు అనుకుంది ఆవిడ.

"తప్పకుండా చెప్తాను. రోజుకి ఒక పేరా చదివిద్దాం. నెమ్మదిగా వెళ్దాం" అంది.

ఆయన కొడుకుని బయట నిలబడమని సైగ చేశాడు. "చదవడం వాడు చదువుకుంటాడు లెండి. ఆ పేపర్లు... ఈసారి ఎప్పటికి వస్తాయి?"

"ఏ పేపర్లు?"

ఆయన మెచ్చుకోలుగా నవ్వాడు. "అర్థమైంది. ఇక్కడ మాట్లాడే సంగతి కాదు."

"అయ్యా, నా దగ్గర ఏ పేపర్లూ లేవు. అప్పుడూ లేవు."

"అందుకే మిమ్మల్ని ఎవరూ ఏమీ చెయ్యలేకపోయారు మేడమ్. ఆ జాగ్రత్త చూసే మీ దగ్గరికి వచ్చాం" అని దండం పెట్టి వెళ్లాడు. అతని వెనక ఇంకొకరు వచ్చారు. పొమ్మంటే బేరమాడుతోందనుకున్నారు. తిడితే జాగ్రత్తపరురాలనుకున్నారు. బోర్డు ఆఫీసుకి ఫోన్ చేస్తానంటే, "చెయ్యండి, అక్కడ మీకు తెలిసినవాళ్లున్నారని విన్నాం" అన్నారు.

ఇప్పుడు పరీక్షల కాలం దగ్గరపడితే చాలు, షాపు ముందు బళ్లు ఆగుతాయి. కళ్లు పరీక్ష చేయించుకుంటామని లోపలికి వస్తారు. భర్త వాళ్లని కుర్చీలో కూర్చోబెట్టి, ఒక కన్ను మూసి, గోడ మీది అక్షరాలు చదవమంటాడు. వాళ్లు చదవరు. తెరిచి ఉన్న ఆ ఒక్క కన్నూ కౌంటర్ దగ్గర కూర్చున్న ఆవిడ మీదే పెట్టి, ఆయన పక్కకి జరిగేదాకా ఓపిగ్గా ఎదురుచూస్తుంటారు.